తీసిన టైము

…ఒంట్లోంచి బయటికొచ్చాక కూడా అది చావదు కదా, అదే చిక్కు. చచ్చిపోతే ఏ బాధా లేకపోయేది. గాజు ట్యూబులో పడ్డాక కూడా రక్తం తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. ఎర్రకణాలు తమలో ఉన్నదాన్ని బయటికి కక్కుతూనే ఉంటాయి. గుండెజబ్బు ముప్పును చెప్పే హోమోసిస్టీన్ గంటకు పదోవంతు చొప్పున పెరుగుతూనే ఉంటుంది. ట్రైనింగులో పెద్ద సారు చెప్పిన ఈ మాట అమలకు ఈమధ్య అన్నం కలుపుకునేటప్పుడు కూడా గుర్తొస్తోంది. "అందుకే ఐసు. అందుకే గంటలోపల మిషన్లో పెట్టి తిప్పి కణాల్ని విడదీయాలి. లేటయితే మనం కొలిచేది మనిషిని కాదు, మన ఆలస్యాన్ని," అన్నాడాయన. అందరూ నోట్సు రాసుకున్నారు. అమల కూడా రాసుకుంది. ఆ నోట్సు పుస్తకం ఇప్పుడు మొఘల్‌పురా గదిలో, మంచం పట్టిన తల్లి మందుల డబ్బా కింద ఎత్తు కోసం ఉంది.

కిషన్‌బాగ్ సందులో పేడ వాసన అప్పుడే వేడెక్కుతోంది. మే నెల, ఏడున్నర. భుజానికి ఐసు పెట్టె, చేతిలో సూదుల సంచీ. ఏటా జరిగే ఆరోగ్య సర్వేకు ఇంటింటికీ తిరిగి రక్తం తీసే పని; ఇది మూడో ఇల్లు. ఇంకా తొమ్మిదున్నాయి. మనిషికి రెండు ట్యూబులు: ఒకటి హోమోసిస్టీన్‌కు, ఇంకొకటి వెండి కాగితం చుట్టింది, ఆక్సిడేటివ్ స్ట్రెస్ అనేదానికి. మనిషికి అరవై రూపాయలు కూలి. ట్యూబు పనికిరాదని ల్యాబు తిప్పి పంపితే ఆ అరవై రావు.

ఆమె కావాలనే ఈ ఇంటిని చివర పెట్టుకోవాలనుకుంది. కానీ పరగడుపున ఉండమని ముందే ఫోన్లు చేశారు. ఎదురుచూస్తూ ఉంటారు.

"రా చెల్లె," అన్నాడు కొండల్ మంచం మీదినుంచే. "నీ కోసం చాయ్ గిట్ల ముట్టలే."

ఎడమ మణికట్టు మీద కుడిచేతి రెండు వేళ్ళు ఆనించి, గోడ గడియారం వైపు చూస్తున్నాడు. ఆమె కూర్చునేదాకా ఆ వేళ్ళు తీయలేదు. "డెబ్బై ఆరు," అన్నాడు చివరికి, ఎవరికో అప్పజెప్పినట్టు.

నిరుడు ఈ మనిషి ఇలా లేడు. ముప్పై ఏళ్ళుగా పాలు పోసిన చేతులు. నలభై లీటర్ల క్యాను ఒంటిచేత్తో బండి మీదికి ఎక్కించి వచ్చి, చెయ్యి చాపి నవ్వాడు: "మంచిగ చూసి తియ్యి చెల్లె, నా రక్తం నా పాలలెక్కనే. నీళ్ళు కలపను." అప్పుడు టైము ఆరూ యాభై. ఆ రోజు ఆమె తీసిన మొదటి రక్తం అదే. బండి చాంద్రాయణగుట్టకు పదకొండుకు వచ్చింది. అంతకుముందు నాలుగు బండ్లుండేవి, ఖర్చు ఎక్కువైందని ఒక్కటి చేశారు. ఐసు తొమ్మిదికే నీళ్ళయింది. లేబులు మీద 'తీసిన టైము' అన్న చోట, సూపర్‌వైజర్ అభిషేక్ చెప్పినట్టే, పదీ యాభై అని రాసింది. అందరూ అలాగే రాస్తారు. పన్నెండు ఇళ్ళలో పన్నెండు మందికి పది నిమిషాల్లో రక్తం తీసినట్టు కాగితాల మీద ఉంటుంది. అదెలా సాధ్యమని ఎవరూ అడగలేదు.

కొండల్‌కు పంతొమ్మిది వచ్చింది. పదిహేను దాటకూడదు.

నెల తర్వాత బడి ఆవరణలో క్యాంపు పెట్టి కార్డులు పంచారు. బాగున్నవాళ్ళకు పచ్చవి, బాగులేనివాళ్ళకు ఎర్రవి. ఒక డాక్టరు మైకులో, ఇనుము తుప్పు పట్టినట్టు రక్తనాళాలు లోపల్లోపలే తుప్పు పడతాయని చెప్పాడు. జనానికి అర్థం కావాలనే చెప్పాడు. కొండల్‌కు మరీ ఎక్కువ అర్థమయింది. తుప్పుపట్టిన క్యాను ఏమవుతుందో అతనికి తెలుసు. పైకి బాగానే ఉంటుంది. ఒకరోజు ఎత్తగానే అడుగు ఊడిపోతుంది.

ఆ రోజునుంచి క్యాను ఎత్తలేదు. సర్కారు దవాఖానలో గుండె పరీక్ష చేసి, ఏమీ లేదు పొమ్మని గోలీలు రాసిచ్చారు. "మిషన్ల రాలేదు గనీ, రక్తంల వచ్చింది కదా," అన్నాడు కొండల్. బయట మళ్ళీ రక్తం చూపిద్దామంటే ఆ ఒక్క పరీక్షకే పన్నెండు వందలన్నారు. అయిదు బర్రెల్లో మూడు అమ్ముడుపోయాయి. కూతురు లావణ్య డిగ్రీ రెండో ఏడు మధ్యలో ఆపి తండ్రి బండి ఎక్కింది. ఎర్రకార్డు ప్లాస్టిక్ కవరులో దేవుడి పటం పక్కన నిలబడి ఉంది. కొండల్ ఉదయం లేవగానే ముందు దానివైపు చూస్తాడని అతని భార్య శారదమ్మ చెప్పింది.

అమల రబ్బరు పట్టీ కట్టింది. కండ కరిగి నరం తేలికగా దొరికింది. ఏడూ నలభై. ట్యూబులు ఐసులో పెట్టింది. లేబుళ్ళ మీద టైము ఖాళీగా వదిలేసింది, రోజూలాగే.

పద్నాలుగు ఉండేదేమో నిరుడు. పదమూడే ఉండేదేమో. నిజంగానే పంతొమ్మిది ఉండేదేమో కూడా. ఆ సంగతి ఇప్పుడు తెలిసే దారి లేదు. తెలియకపోవడమే తనను కాపాడుతోందని, ఆ కాపాడటమే రోజూ కొంచెం కొంచెం తింటోందని ఆమెకు తెలుసు.

బయట బండి ఆగింది. లావణ్య ఒక క్యానును నేలమీద ఈడ్చుకుంటూ లోపలికి వచ్చింది.

"అమ్మా, హోటలాయన వాపస్ ఇచ్చిండు. నిన్నటి పాలు విరిగినయంట. మీ బర్రెకు బీమారి ఉన్నది, రేపటిసంది వద్దంటున్నడు."

వాకిట్లో పిడకలు చేస్తున్న శారదమ్మ పేడచేతులతోనే లేచింది. "నిన్న నువ్వు పోసింది ఎన్ని గంటలకు?"

"నాలుగింటికి. ఏడు దాకా ఎండల్నే ఉన్నదంట క్యాను. హోటల్ పోరడే చెప్పిండు."

"మరి? పిండినంక మూడు గంటలు ఎండకు పెట్టుకొని, విరిగితే బర్రెకు బీమారా? వాని దిమాగుకు బీమారి! నా బర్రె మీద లొల్లి పెడతడా వాడు? పా, నేనొస్త."

కొండల్ నవ్వాడు. ఏడాదిలో అతని మొహంలో అమల చూసిన మొదటి నవ్వు. "అంతే చెల్లె. పొదుగుల ఉన్నంతసేపే అవి బర్రె పాలు. బయటికొచ్చినంక ఎవని చేతిల ఉంటే వానియి. గా సంగతి తెల్వనోడు పాల దందా ఎందుకు చేసుడు?"

అమల దూది అతని మోచేతి మీద నొక్కి పట్టుకుని ఉంది. రక్తం ఎప్పుడో ఆగిపోయింది. చెయ్యి తీయలేకపోయింది.

"అన్నా," అంది. "నిరుడు నీ రక్తం గూడ గట్లనే అయింది."

"ఏందీ?"

"ఆరూ యాభైకి తీసిన. బండి పదకొండింటికి వచ్చింది. ఐసు తొమ్మిదికే కరిగి, గప్పటిదాక వట్టి నీళ్ళల్లనే ఉన్నది. ఆలస్యమైతే అంకె పెరుగుతది. నీకు వచ్చిన పంతొమ్మిది… నీది కాదేమో."

లావణ్య క్యాను మూత చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. అరచేతిలో హ్యాండిలు ఒరిసిన చోట చర్మం గట్టిపడి పసుపురంగు తేలింది.

కొండల్ కార్డు వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు, జాలిగా. "నన్ను ఖుష్ చెయ్యనీకి అంటున్నవ్ చెల్లె. నీది మంచి మనసు." చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "దాని మీద సీల్ ఉన్నది. డాక్టరు సంతకం ఉన్నది. నువ్వు చెప్తే తుప్పు పోతదా?"

మళ్ళీ వేళ్ళు మణికట్టు మీదికి వెళ్ళాయి.

ఏడాదిగా ఆమె ఊహించుకున్నవి చాలా ఉన్నాయి. తిడతాడని, కొట్టడానికి వస్తాడని, ఏడుస్తాడని. నమ్మడన్నది ఒక్కటే ఊహకు రాలేదు. ఈ ఇంట్లో ఆ భయం ఇప్పుడు ఒక మనిషిలా ఉంటోంది. దానికి ఒక మంచం ఉంది, వేళకు తిండి ఉంది. మాటతో వెళ్ళగొడితే పోయేది కాదు.

శారదమ్మ మాత్రం నమ్మింది. గుమ్మం దాకా వెంట వచ్చి, మొగుడికి వినబడకుండా ఆపింది.

"ఏడాది సంది తెలుసా నీకు?"

"తెలుసు వదినా."

"మూడు బర్రెలు అమ్మినం, అమలా. పిల్ల సదువు ఆగింది." తిట్టినట్టు లేదు. మర్చిపోయినవి గుర్తు చేసినట్టు ఉంది. "ఆయనకు మాట ఎక్కదు, కాయిదం ఎక్కుతది. ఇప్పుడు నువ్వు చెప్పింది కాయిదం మీద రాసిస్తవా?"

అమల నోరు తెరిచింది. మంచం మీద తల్లి కనబడింది, గది అద్దె కనబడింది, నలభై మూడేళ్ళ మనిషికి సూది పని ఇవ్వని ల్యాబుల గాజు తలుపులన్నీ కనబడ్డాయి.

"రాయలేను వదినా."

శారదమ్మ తల ఊపింది. ఆ జవాబే వస్తుందని తెలిసినట్టు. చేతులు కొంగుకు తుడుచుకుని, "పా బిడ్డా, హోటల్ కాడికి పోదాం," అంది కూతురితో.

మిగతా తొమ్మిది ఇళ్ళు ఎలా అయ్యాయో అమలకు సరిగా గుర్తులేదు. ఈ రెండు ట్యూబులైనా ఆటోలో తనే తీసుకుపోతే అనుకుంది ఒకచోట. ల్యాబు ఊరి ఆ చివర. గేటు దగ్గర బండి తెచ్చిన పెట్టెను తప్ప ఇంకేదీ తీసుకోరు.

చాంద్రాయణగుట్ట ఫ్లైఓవరు కింద నీడలో నిలబడింది. పెట్టెలో ఐసు వెచ్చని నీళ్ళై అటూ ఇటూ కదులుతోంది. పదీ పదికి బండి వచ్చింది. అభిషేక్ ఏసీ చల్లదనంతో సహా కిందికి దిగాడు. చెడ్డవాడు కాదు. ఇరవై ఎనిమిదేళ్ళవాడు, పండక్కి అందరికీ మిఠాయి డబ్బాలు ఇస్తాడు.

"మేడమ్, టైమ్స్ ఫిల్ చేసిర్రా? జల్ది చెయ్యిర్రి, ఇంకో రెండు బాక్సులు పికప్ ఉన్నయి. పది, పదీ అయిదు, గట్ల వెయ్యిర్రి."

అమల పెన్ను తీసింది. కొండల్ ట్యూబు చేతిలోకి తీసుకుంది. లేబులు వేలెడంత. తనను రాయనిచ్చే కాగితం ఈ లోకంలో ఇదొక్కటే, ఇంతే.

7:40 అని రాసింది.

అభిషేక్ వంగి చూశాడు. "ఏందిది? మజాక్ చేస్తున్నరా?"

"తీసింది గప్పుడే సార్."

"నాకు తెల్వదా మేడమ్? అందరికీ తెలుసు. ల్యాబుల గిది రిజెక్ట్ అయితది. ఎందుకైందని అడుగుతరు, మొత్తం మీ లాట్ తీసి చూస్తరు. ఇన్నేండ్లవి తీస్తరు. మీ కాంట్రాక్టు గతి ఏంది? నా గతి ఏంది?" గొంతు తగ్గించాడు. "ఏమైంది మేడమ్, తబియత్ మంచిగలేదా? ఇగో, కొత్త లేబుల్."

ఖాళీ లేబులు ఒకటి చించి, జిగురువైపు వేలికొసన అంటించుకుని ఆమె ముందు పట్టుకున్నాడు. పైన బస్సు పోయిన గాలికి అది రెపరెపలాడింది.

ఏం మారుతుందని అనుకుంది అమల. ఏమీ మారదు. సాయంత్రానికి ఈ రక్తాన్ని బకెట్లో పారబోస్తారు. కార్డు దేవుడి పటం పక్కనే ఉంటుంది. రేపు పొద్దున కొండల్ రెండు వేళ్ళు మణికట్టు మీద పెట్టి గడియారం వైపు చూస్తాడు, లావణ్య క్యాను ఈడుస్తుంది. తన పేరు జాబితాలో ఉండదు. అంతా ఎక్కడిదక్కడే ఉంటుంది.

"తీసుకోర్రి మేడమ్. దూపయితున్నట్టుంది మీకు, నీళ్ళున్నయి బండిల."

అమల ఆ వేలివైపు చూడలేదు. కొండల్ రెండో ట్యూబు తీసింది, వెండి కాగితం చుట్టింది. చెమ్మను పైట కొంగుతో తుడిచింది. లేబులు ఆరేదాకా ఆగి, ఈసారి ఇంకొంచెం పెద్ద అంకెలతో, మళ్ళీ 7:40 అని రాసింది.