పూజలో కూర్చున్న యూపీఎస్

ముహూర్తం దాటిపోతోందని ఆయుధపూజ నాడు కిషోర్‌బాబు ఆఫీసు మెయిన్ స్విచ్చి ఠక్కున కట్టేశారు. జగ్గయ్యపేటలోని ఆ చిన్న ఆఫీసుకు యజమాని ఆయనే. సరిగ్గా అప్పుడే నందిగామలో తన ఇంట్లో కూర్చుని అక్కడి ఉద్యోగి మహిమ ఇంటర్నెట్ ద్వారా ఆ ఆఫీసు కంప్యూటర్‌లో పని చేస్తోంది. మిరప కోల్డ్ స్టోరేజీ బస్తాల లెక్కలు చూసే ప్రోగ్రాము అది. మొదటి నుంచీ దానిలో చేసిన ప్రతి మార్పునూ వరసగా దాచుకునే రిపాజిటరీ ఆ కంప్యూటర్‌లోనే ఉంది. కరెంటు వచ్చాక చూస్తే అది తెరుచుకోనని మొండికేసింది.

ఇంట్లోంచి పని చేస్తే ఇంతేనని కిషోర్‌బాబు ఫోన్లో తేల్చేశారు. మర్నాడు సాయంత్రంలోగా బాగు చెయ్యకపోతే ఇక రోజూ ఆఫీసుకు రావాల్సిందేనన్నారు. మహిమకు ఒళ్లు మండిపోయింది. పాలు తాగే పాప క్రిస్టీ ఉందనే, ఇంట్లోంచి పని అన్న ఒక్క మాట మీద ఈ ఉద్యోగంలో చేరింది. పొద్దున్నే పాపను తన తల్లి జయమణి చేతిలో పెట్టి బస్సెక్కింది.

కంప్యూటర్‌కు నిలువునా బొట్లు. కీబోర్డు సందుల్లో కుంకుమ. దులిపి కూర్చుని చూస్తే, చివరగా రాసుకున్న ఫైళ్లకు పేర్లున్నాయి గానీ లోపల ఏమీ లేదు. రాస్తుండగా కరెంటు పీకితే ఇంకేముంటుంది! కిషోర్‌బాబు మాత్రం వెనకే నిలబడి, వైరస్ అయ్యుంటుందని ఒకసారి, ఫార్మాట్ కొట్టేస్తే పోలా అని ఇంకోసారి ప్రాణం తోడేస్తున్నారు. ఫార్మాట్ కొడితే మిగిలిందీ పోతుందని ఎన్నిసార్లు చెప్పినా ఆయన చెవికెక్కడం లేదు.

మహిమ పళ్లు బిగబట్టి, ముందు మొత్తం ఫోల్డర్‌ను వేరే చోటికి కాపీ చేసి పెట్టుకుంది. ఖాళీ ఫైళ్లను ఏరి తీసేసింది. తన ల్యాప్‌టాప్‌లో పోయిన వారం నాటి నకలు ఉంది. తగ్గిన ముక్కల్ని దాన్నుంచి తెచ్చి నింపింది. అదృష్టం కొద్దీ ప్రోగ్రాము ఫైళ్లు చెక్కుచెదరలేదు కాబట్టి ఈ వారం మార్పుల్ని కొత్తగా భద్రం చేసింది. మధ్యాహ్నం అన్నం మాటే మర్చిపోయింది. సాయంత్రానికి రిపాజిటరీ తెరుచుకుంది.

అప్పుడొచ్చిందామెకు అనుమానం. కరెంటు పోయినా కాసేపు నడిపే యూపీఎస్ ఉండగా కంప్యూటర్ ఎలా ఆగిందని అడిగింది. కిషోర్‌బాబు మూలనున్న దేవుడి పటం వైపు చూపించారు. పటం కింద పీట మీద, మెడలో బంతిపూల దండతో, వైర్లన్నీ పీకించుకుని యూపీఎస్ కూర్చుని ఉంది.

"అదీ పనిముట్టేగా. ముందు రోజే కంప్యూటర్ ప్లగ్గు గోడకి తగిలించి, దీన్ని పూజలో పెట్టా" అన్నారాయన. ఇక ఇంటికెళ్దామంటూ, అలవాటుగా మెయిన్ స్విచ్చి మీద చెయ్యి వేశారు.

మహిమ ఒక్క అంగలో వెళ్లి అడ్డం నిలబడింది.

"ఆ చెయ్యి తియ్యండి సార్. పూజ చేసుకోండి, వద్దనట్లేదు. షట్‌డౌన్ చేసి చేసుకోండి. రేపట్నుంచి ఇంట్లోంచే చేస్తా. ఇది పాడయింది నేను దూరంగా ఉండి కాదండి, మీరు దగ్గరుండి."

కిషోర్‌బాబు చెయ్యి తీశారు. దండ తీసి పటానికి వేసి, యూపీఎస్‌ను మోసుకొచ్చి ఆమె ముందు పెట్టారు. పీకిన వైర్లు ఎక్కడ పెట్టారో మాత్రం ఆయనకు గుర్తు లేదు.