వాననీళ్ల గోబీలు

సన్నటి రబ్బరు గొట్టం కొన అద్దాల తొట్టిలో ముంచి, రెండో కొన నోట పెట్టుకుని ఒక్క గుక్క పీల్చి వదిలాడు అంజన్న. అడుగున పేరుకున్న మడ్డి నీళ్లతో పాటు జారి బకెట్లో పడింది. తీసినన్ని నీళ్లు డ్రమ్ములోంచి ముంచి, అద్దం వెంట నెమ్మదిగా పోశాడు. అవి వానకాలంలో రేకుల మీంచి పట్టి దాచినవి. మర్రిగూడ బోరునీళ్లలోని ఫ్లోరైడు తన ఎముకల్ని బిగించిన సంగతి ఆయనకు తెలుసు. వాటిని చేపలకు పోయకూడదని మొదటిరోజే అనుకున్నాడు.

యాభై ఆరేళ్ల మనిషి. మెడ తిరగదు. ఎవరైనా పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూస్తాడు. ఊళ్లో నీళ్ల ప్లాంటులో డబ్బాలు నింపి ఆటోకెత్తడం పదకొండేళ్లుగా ఆయన పని.

నాలుగేళ్ల కింద నల్లగొండ దవాఖానకు పోయినప్పుడు, ఎదురుగా ఉన్న ఏసోబు రంగుచేపల దుకాణంలో ఆయన మొదటిసారి పీకాక్ గోబీని చూశాడు. వేలెడంత లేదు. నీలం ఒంటి మీద ఎర్రచారలు, రెక్కల అంచున పసుపు, తోక మొదట్లో నల్లచుక్క. మిగతా చేపలు ఊరికే తిరుగుతుంటే అది ఒకచోట ఆగి ఆయన్ని నిదానంగా చూసింది. రెండు జతలు కొన్నాడు. ఇళ్లల్లో ఇవి గుడ్లు పెట్టినా పిల్లలు దక్కవని ఏసోబు ముందే చెప్పాడు.

"నా దగ్గర దక్కుతయి," అన్నాడు అంజన్న.

మొదటిసారి గుడ్లకు బూజు పట్టింది. రెండోసారి పిల్లలైతే వచ్చాయి కానీ, వాటి నోటికి పట్టేంత సన్నటి తిండి దొరక్క మూడోనాటికి ఒక్కటీ మిగల్లేదు. ఈసారి మగచేప గుడ్లున్న పైపుముక్కలో తొమ్మిది రోజులు కాపలా ఉండి, గుడ్లకు రెక్కలతో నీళ్లు విసిరింది. నిన్న పిల్లలు బయటపడ్డాయి. ఆయన వాటిని చిన్నతొట్టిలోకి మార్చాడు. ఉప్పునీళ్ల సీసాలో ఆర్టీమియా గుడ్లు పొదిగించి, ఇసుక నలుసుల్లాంటి నారింజరంగు రొయ్యపిల్లల్ని సిద్ధంగా ఉంచాడు.

పొద్దున రెండుసార్లు వేసినా పిల్లలు ముట్టలేదు. వెంట్రుక ముక్కల్లా నీళ్లలో వేలాడుతున్నాయి. కడుపులు తెల్లగానే ఉన్నాయి. భార్య భాగ్యలక్ష్మి వంగి చూసి, ఇవి కూడా పోయేటట్టే ఉన్నాయంది.

"పోవు. ముందు ఆకలి తెల్వాలె," అన్నాడు. "నేను ప్లాంటుకు పోతున్న. మూడు గంటలకోసారి నాలుగు చుక్కలు ఇడువు. ఎక్కువైతే నీళ్లు ఖరాబైతయి. జర పైలం."

డ్రాపరు ఎట్లా పట్టాలో, చుక్క ఎక్కడ వదలాలో ఆమె చెయ్యి పట్టుకుని చూపించాడు. ఇన్నేళ్లలో తొట్టి మీద ఆమెను చెయ్యి వెయ్యనివ్వడం అదే మొదలు.

ప్లాంటులో రోజూలాగే డబ్బాలు నింపాడు. మధ్యాహ్నం ఎడమచెయ్యి లాగితే, కాసేపు గోడకానుకుని మళ్లీ ఎత్తాడు. నీళ్లకొచ్చిన వాళ్లందరికీ సాయంత్రానికి చేపపిల్లలు తింటాయని చెప్పాడు, ఎవరూ అడక్కపోయినా.

నాలుగింటికి ఇంటికొచ్చేసరికి భాగ్యలక్ష్మి గడపలోనే ఎదురైంది.

"కడుపులు ఎర్రగైనయి," అంది.

టార్చి వేసి చూశాడు. ప్రతి పిల్ల కడుపులోనూ నారింజరంగు చుక్క. ఒక్కో పిల్ల మీదికీ టార్చి తిప్పి మళ్లీ చూశాడు. తర్వాత ఏసోబుకు ఫోన్ చేశాడు.

"ఏసోబన్నా, తిన్నయి. నా ఇంట్ల, నా భార్య పెడితే తిన్నయి. నువ్వే వచ్చి చూడు."

ఐతారం వస్తానన్నాడు ఏసోబు. అంజన్న తొట్టి ముందు గోడకు వీపానించి కూర్చున్నాడు. భాగ్యలక్ష్మి చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. తిరిగొచ్చి గ్లాసు పక్కన పెట్టి, పిల్లలు ఎన్నున్నాయో లెక్కపెట్టమంది. ఆయన పలకలేదు. భుజం మీద చెయ్యి వేశాక గానీ ఆయన పోయాడని ఆమెకు తెలియలేదు.

ఐతారం ఏసోబు వచ్చాడు. తొట్టి ముందు గొంతుక్కూర్చుని ముప్పై ఎనిమిది పిల్లల్ని లెక్కపెట్టాడు. ఒంటరి మనిషికి ఈ పని కష్టమనీ, తొట్లన్నీ తాను తీసుకుపోతాననీ నచ్చజెప్పబోయాడు.

"వద్దన్నా. వీటికి బువ్వ పెట్టుడు నాకొస్తది," అంది భాగ్యలక్ష్మి. డ్రాపరు తీసుకుని నాలుగు చుక్కలు వదిలింది. పిల్లలు ఒక్కసారిగా అటు కదిలాయి.

తొట్టి పక్కన మేకుకు అంజన్న ప్లాంటు చొక్కా వేలాడుతోంది. డబ్బాలు మోసిన కుడిభుజం దగ్గర గుడ్డ అరిగిపోయి, పోగులు మాత్రమే మిగిలాయి.