కొంగలు గెలిచినన్నాళ్ళు

మా కార్వెల్ ఊళ్లో మురుగుకాలువ మూత ఒకటి మార్చాలన్నా కౌన్సిల్ మూడుసార్లు కూర్చోవాలి. అలాంటివాళ్ళకి కొత్త బేస్‌బాల్ స్టేడియం ఎక్కడ కట్టాలో తేల్చడానికి రెండేళ్ళు పట్టిందంటే వింతేమీ లేదు. చివరికి అది తేలిన తీరే వింత.

కట్టాలా వద్దా అన్నదాంట్లో ఎవరికీ పేచీ లేదు. ఊరవతల మొక్కజొన్న చేల పక్కనున్న పాత మైదానంలో రేకులు తుప్పు పట్టాయి, మరుగుదొడ్డికి తలుపు లేదు. ఊరి నడిబొడ్డున కొత్తది కట్టామా, మూతపడ్డ బట్టల కొట్లు తెరుచుకుంటాయి, ఖాళీ లాడ్జీలు నిండుతాయి, కుర్రకారు పెద్ద నగరాలకి పారిపోవడం మానేస్తారు, ముసలాళ్ళకి మోకాళ్ళ నొప్పులు తగ్గుతాయి. ఇదంతా మేయర్ గార్లండ్ ట్విచెల్ చెప్పిందే. మోకాళ్ళ మాట ఒక్కటే నేను కలిపాను.

పేచీ అంతా చోటు దగ్గరే. సగం మంది నది ఒడ్డున ఉన్న పాత రైలు యార్డులో కట్టాలన్నారు. వాళ్ళు నీలం చొక్కాలు అచ్చేయించుకున్నారు. మిగతా సగం మంది టానరీ వీధిలో కట్టాలన్నారు. వాళ్ళవి పసుపు చొక్కాలు. చర్చిలో కూడా నీలం ఒక పక్క, పసుపు ఒక పక్క కూర్చునేదాకా వచ్చింది.

ఆ టానరీ వీధిలోనే నా షాపు. హాస్కిన్స్ సైలెన్సర్ షాపు. మా నాన్న పెట్టాడు. ఆయన నడుం పడిపోయిన ఏడు నేను తొమ్మిదో తరగతి పుస్తకాలు మూసేసి కారు కింద పడుకున్నాను. అప్పట్నుంచి నాకు తెలిసిన ఆకాశమల్లా కార్ల అడుగుభాగమే. పెళ్ళి చేసుకున్నాను, ఆవిడ వెళ్ళిపోయింది. షాపు మిగిలింది. అదీ పోతే, ఈ వయసులో వెళ్ళి నా వయసులో సగం ఉన్నవాడెవడి దగ్గరో పని అడుక్కోవాలి. వాడు నాకు స్పానర్ పట్టుకోవడం నేర్పుతాడు.

కౌన్సిల్ వాళ్ళు ఎక్కడినుంచో ఒక నిపుణుణ్ణి పిలిపించారు. టానరీ వీధిలో స్టేడియం వస్తే ఎలా ఉంటుందో చూపే మంచమంత అట్టబొమ్మ తెచ్చి ఆయన హాల్లో పరిచాడు. పచ్చటి మైదానం, స్పాంజి చెట్లు, గోరంత మనుషులు. నేను వంగి నా షాపు వెతుక్కున్నాను. ఆ చోట ఐస్‌క్రీమ్ కొట్టుంది. కొట్టు ముందు తెల్లకుక్క ఒకటి. ఆ బొమ్మలో ఒక్కడి చేతికీ నూనె మరక లేదు. అంత శుభ్రమైన జనం కార్వెల్‌లో ఎక్కడ దొరుకుతారో నిపుణుడు చెప్పలేదు.

ఆ రోజు ఎవరైనా లేచి మాట్లాడొచ్చన్నారు. మనిషికి మూడు నిమిషాలు. తర్వాత బల్ల మీద ఎర్రలైటు వెలుగుతుంది. నా ముందు లేచినాయన తన మూడు నిమిషాలూ పక్కింటివాడి పావురాల మీద ఖర్చుపెట్టాడు. తర్వాత నేను.

"నా పేరు వెర్న్ హాస్కిన్స్. ఈ హాల్లో సగం మంది కార్ల కింద పడుకున్నవాణ్ణి. ఎవరి బండి కింద ఎంత బురద ఉందో నాకు తెలుసు" అన్నాను.

హాలంతా నవ్వింది. మేయర్ బల్ల కొట్టి మరీ నవ్వాడు. వాళ్ళు నవ్వు ఆపేసరికి లైటు ఎర్రబడింది. ఆ నవ్వంతా నా ఖాతాలోనే వేశారన్నమాట.

నా షాపుకి ఆనుకుని మార్వెల్లా నడిపే చిన్న హోటలుంది. బీన్స్ కూర, చెర్రీపళ్ళు కూరి కాల్చిన పై, కాఫీ. పదేళ్ళు పెద్దది నాకన్నా, నోరు ఇంకా పెద్దది.

"ఏమయ్యా, ఉపన్యాసం మరీ పొట్టిగా ఉందట?" అంది.

"నవ్వు పొడుగైంది."

"నీ మొహం చూసి నవ్వకుండా ఉండాలంటే శిక్షణ కావాలిలే. తిను."

"నీ హోటలూ పోతుంది, తెలుసా?"

"ఆ గోడలు అద్దెకిచ్చినాయనవి. నావి ఈ గరిటె, ఈ నోరు. రెండూ నాతోనే వస్తాయి. నీకే, పాపం, గోడలు తప్ప ఇంకేం లేవు."

జూన్‌లో ఓటింగ్ పెట్టారు. పసుపువాళ్ళకి ఒక ఓటు ఎక్కువుందని ఊరంతా అనుకుంటోంది. సరిగ్గా ఆ సాయంత్రం కౌన్సిల్ హాల్లో ఏసీ పైపు పగిలి నీళ్ళు కారాయి. సభ్యులు ఫైళ్ళు నెత్తిన పెట్టుకుని బయటికి పరిగెత్తారు. ఓటింగ్ వాయిదా పడింది. అదే సాయంత్రం మా హెరన్స్ జట్టు గెలిచింది.

హెరన్స్ అంటే కొంగలు. చొక్కా మీద ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ బొమ్మ ఉంటుంది. ఆ ఏడు వాళ్ళ ఆటకి ఆ బొమ్మ అచ్చంగా సరిపోయింది. బంతి పక్కనుంచి పోతున్నా కదిలేవాళ్ళు కాదు. అలాంటి కొంగలు గెలిచాయి. మర్నాడూ గెలిచాయి. ఆ వారమంతా గెలుస్తూనే పోయాయి.

బేస్‌బాల్ పిచ్చివాళ్ళకి ఎక్కడా రాసిపెట్టని నియమం ఒకటుంది. వరసగా గెలుస్తున్నప్పుడు ఏదీ మార్చకూడదు. కోచ్ మేజోళ్ళు ఉతకడు. క్యాచర్ గడ్డం గీసుకోడు. చూసేవాళ్ళు మొదటిరోజు ఎక్కడ కూర్చుంటే అక్కడే కూర్చుంటారు. మొదటిరోజు ఎవరి పెళ్ళామైనా అలిగి వంటింట్లో కూర్చుందా, గెలుపు ఆగేదాకా ఆవిడ కాపురం వంటింట్లోనే. మేయర్ ట్విచెల్ సూప్ మరక పడ్డ టై మెడలోంచి తియ్యలేదు. దగ్గరికెళితే ఏం సూప్ అన్నది కూడా తెలిసేది.

మళ్ళీ సమావేశం రోజు మేయర్ లేచి గొంతు సవరించుకున్నాడు. "ఓటింగ్ ఏ రోజు ఆగిందో ఆ రోజునుంచే మనం గెలుస్తున్నాం. ఇప్పుడు ఓటేసి, ఆ పాపం ఎవరైనా నెత్తినేసుకుంటారా?"

"అమ్మో, వద్దు వద్దు" అన్నారు నీలం చొక్కాలు, పసుపు చొక్కాలు ఒకే గొంతుతో. రెండేళ్ళలో వాళ్ళు ఏకమైంది అప్పుడే.

దాంతో నా షాపు ప్రాణం కొంగల ముక్కున వేలాడింది. నేనసలు బేస్‌బాల్ చూసే మనిషిని కాదు. ఇంత జనం ఎండలో నిలబడి ఉమ్మడాన్ని ఆట అంటారేమిటనుకునేవాణ్ణి. ఇప్పుడు సాయంత్రమయ్యేసరికి రేడియోకి చెవి అతికించుకుని కూర్చుంటున్నాను. కొంగజపం దొంగజపం అంటారు. నాది మాత్రం అసలు సిసలు జపం.

ఒకరోజు మధ్యాహ్నం లైల్ బ్రేవర్ వచ్చాడు. జట్టులో బంతి విసిరే ఎడమచేతివాడు, పేపర్లో రోజూ పడే మొహం. కారు సైలెన్సర్ ఊడి రోడ్డు మీద రాసుకుంటూ వస్తోంది.

"వెర్న్ గారూ, త్వరగా అయిపోతుందా? సాయంత్రం ఆటుంది. ఇవాళ నా వంతు."

"భయమా బాబూ?"

"ఇన్ని గెలిచాక ఓడేవాడు ఎవడో ఒకడు ఉంటాడు కదండీ. వాడు నేను కాకూడదని."

ఆ మాటకి నా బుర్రలో ఏదో వెలిగింది. కారు కిందనుంచి జరిగి వచ్చి, చేతులు తుడుచుకుని, ఆఫీసు గది చెక్క ద్వారబంధం చూపించాను. "మా నాన్న రోజుల్లో ఆటగాళ్ళు మైదానానికి పోతూ ఇక్కడాగి దీన్ని తట్టి పోయేవాళ్ళు. అప్పట్లో ఓటమన్నది ఉండేది కాదు. ఈ కాలంవాళ్ళకి తెలీదులే" అన్నాను.

మా నాన్న రోజుల్లో ఆ ద్వారబంధాన్ని తట్టింది అప్పులవాళ్ళే. లైల్ కొంచెం సిగ్గుపడుతూ వెళ్ళి, ఎడమచేత్తో టకటకా తట్టాడు. ఆ సాయంత్రం అవతలి జట్టుని ఒక్క పరుగు తియ్యనివ్వలేదు.

ఆపైన చెప్పాలా? మర్నాడు జట్టు సగం వచ్చింది. ఆ మర్నాడు మొత్తం వచ్చింది. పేపర్లో ఫొటో పడింది. ఊరు ఊరంతా కదిలింది. పసిపిల్లల్ని ఎత్తుకొచ్చి చిన్న చేతుల్తో తట్టించారు. చర్చి పాస్టర్ చుట్టూ చూసుకుని గబుక్కున తట్టి పోయాడు. మేయర్ వచ్చి, టై సర్దుకుని, కళ్ళు మూసుకుని మరీ తట్టాడు.

"ఏమయ్యా పూజారీ, ఇవాళ భక్తులు బాగా వచ్చారా?" అనేది మార్వెల్లా కాఫీ పోస్తూ.

"నీ పైలు కూడా బాగానే పోతున్నాయిగా."

"నీ దయ. దేవుడి పక్కన కొట్టు పెట్టుకుంటే ఆ మాత్రం ఉండదూ?"

పసుపు చొక్కాలకి పెద్దదిక్కు వాండా క్రీగర్ అనే కౌన్సిల్ సభ్యురాలు. అట్టబొమ్మలో ఐస్‌క్రీమ్ కొట్టు పెట్టించింది ఆవిడే. ఆవిడే నా షాపు ముందు నిలబడి విలేఖరికి చెప్పింది: "ఇలాంటి చోటుని పడగొడతామా? ఊరికి శాపం కాదూ! సీజన్ అయిపోగానే రైలు యార్డుకే ఓటేసేస్తాం." ఆ రోజు నేను మార్వెల్లా దగ్గర రెండు పైలు తిన్నాను. రెండేళ్ళ తర్వాత నాకు తిండి రుచి తెలిసింది.

అంతలో రాష్ట్ర రాజధాని కొలంబస్ నుంచి టీవీవాళ్ళు వస్తున్నారని కబురు. మేయర్, లైల్, నేను, ద్వారబంధం. నలుగుర్నీ తీస్తారట. నేను షాపుకేసి చూశాను. ఇన్ని వందల చేతులు పడి ద్వారబంధం నల్లగా జిడ్డోడుతోంది. రాష్ట్రమంతా చూస్తుంది, మా నాన్న షాపు ఇలాగేనా కనపడేది? తెల్లరంగు డబ్బా తీసి బ్రష్ ముంచాను.

మార్వెల్లా గుమ్మంలోకి వచ్చి కెవ్వుమంది. "ఏం చేస్తున్నావయ్యా? దాన్ని ముట్టుకోకు!"

"రంగే కదా, మార్వెల్లా. చెక్కకేమవుతుంది?"

"చెక్కకి ఏమీ కాదు. నీకవుతుంది."

"ఆ కథ నేనల్లిందే. నాకే చెబుతావేంటి?"

"అల్లినవాడివి నువ్వే. నమ్మేది ఊరు. ఇప్పుడది నీ ద్వారబంధం కాదు."

అప్పటికే సగం వేసేశాను. సగం తెలుపు, సగం నలుపు ఉంచలేను కదా. పూర్తి చేశాను. టీవీవాళ్ళు మెచ్చుకున్నారు. లైల్ మాత్రం తట్టి, వేళ్ళకంటిన తెల్లరంగు చూసుకుని, ప్యాంటుకి రుద్దుకుంటూ వెళ్ళాడు.

ఆ సాయంత్రం ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్ దాకా కొంగలదే పైచేయి. ఆఖర్న ఒక చవక బంతి, నా మేనత్త కూడా ఆపగలిగిన బంతి, మొదటి బేస్ దగ్గర నిలబడ్డవాడి కాళ్ళ మధ్యనుంచి దర్జాగా నడుచుకుంటూ పోయింది. ఓడిపోయారు.

ఆ కాళ్ళు ఎవరివని ఊళ్లో ఒక్కడూ అడగలేదు. పొద్దున పేపర్ మొదటి పేజీలో పక్కపక్కన రెండు ఫొటోలు వేశారు. ఒకటి నల్ల ద్వారబంధం, రెండోది తెల్లది. కింద ఒక్కటే ప్రశ్న: "ఎందుకు వేశావు వెర్న్?"

ఆ వారమంతా కొంగలు ఓడుతూనే ఉన్నాయి. జనం నా షాపు దాటేటప్పుడు రోడ్డు అవతలి పక్కకి మారేవాళ్ళు. పాస్టర్ కూడా మారాడు. నేను ఆ రంగంతా గీకేశాను. గీకితే చెక్క తేలింది గానీ జిడ్డు తిరిగి వస్తుందా?

కౌన్సిల్ ఆగమేఘాల మీద సమావేశం పెట్టింది. నీలం, పసుపు కలగలిసి కూర్చున్నారు. ఇక దాచి లాభం లేదనిపించి నేను మైకు దగ్గరికి వెళ్ళాను.

"అయ్యా, అమ్మా, అసలు సంగతి చెబుతాను. మా నాన్న రోజుల్లో ఏ ఆటగాడూ మా ద్వారబంధం తట్టలేదు. ఆ కథ నేనే కల్పించాను. అందులో అదృష్టమూ లేదు, శనీ లేదు. అది ఉత్త చెక్క. అబద్ధాన్ని చూసి నా షాపు కూల్చకండి."

హాల్లో కొన్ని తలలు ఊగాయి. పరవాలేదు, తలకెక్కిందనుకున్నాను. మేయర్ ముందుకు వంగాడు. ఆయన కళ్ళలో కోపం కూడా లేదు, జాలి ఉంది.

"అబద్ధమైతే ఏమయ్యా? పని చేసిందిగా! పని చేస్తున్నదానికి రంగెందుకు వేశావ్?"

"అదే కదా!" అంది వాండా క్రీగర్. వెనకనుంచి ఎవరో "దుర్మార్గుడు!" అన్నారు. నా లైటు ఇంకా పచ్చగానే ఉంది. నేను వెళ్ళి కూర్చున్నాను.

నిపుణుడి నివేదిక ఎవరూ తెరవలేదు. రైలు యార్డు పేరు నీలం చొక్కాలు కూడా ఎత్తలేదు. అందరి చేతులూ ఒకేసారి లేచాయి. రెండేళ్ళు తేలనిది గుడ్డు వేగేంతలో తేలింది. స్టేడియం టానరీ వీధిలోనే. ముందు ఆ శనిగొట్టు షాపు కూల్చాలి. తర్వాతి విషయం, పార్కులో బల్లలకి రంగులు. దాన్ని మాత్రం వాయిదా వేశారు.

మర్నాడు కొంగలు గెలిచాయి.

ఆ వారం మార్వెల్లాతో కలిసి సామాన్లు సర్దుతున్నాను. "ఫ్లోరిడాలో మా చెల్లెలుంది, పోతాను. నువ్వెక్కడికయ్యా?" అంది.

"తెలీదు. పక్క ఊళ్లో ఒకడికి పనివాడు కావాలట. ఇరవై ఆరేళ్ళవాడు."

ఆవిడ పై ఒకటి పొట్లం కట్టి నా సామాన్ల మీద పెట్టింది.

అప్పుడే వీధి చివరనుంచి ట్రాక్టర్ లాంటి మోత వినపడింది. మేయర్ కారు. షాపు ముందు ఆపి దిగి, తాళాలు నా చేతికిచ్చాడు. సిగ్గుపడ్డాడనుకుంటారేమో, లేదు.

"వెర్న్, నువ్వు ఖాళీ చేసేలోపు దీని సంగతి కాస్త చూడు. ఊళ్లో సైలెన్సర్ వేసేవాడు ఇంకెవడూ లేడు."

నేను కింద పడుకుని చూశాను. చిల్లు పడింది. గంటలో అయిపోయే పని. లేచి చేతులు తుడుచుకున్నాను.

"ఈ మోత ఎప్పట్నుంచి, మేయర్‌గారూ?"

"మొన్నట్నుంచి. సమావేశం నుంచి ఇంటికి పోతుంటే మొదలైంది."

"మొన్నట్నుంచా?" అన్నాను. "మరి కొంగలు మళ్ళీ గెలవడం మొదలెట్టింది ఎప్పట్నుంచి?"

మేయర్ నన్ను చూశాడు. కారుని చూశాడు. మార్వెల్లా అటు తిరిగి గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది, ఆవిడ భుజాలు ఊగుతున్నాయి.

"ఈ మోత తియ్యమంటే తీసేస్తాను. నాదేముంది, మీ ఇష్టం."

"వద్దొద్దు! ముట్టుకోకు!" అని నా చేతిలోంచి తాళాలు లాక్కుని, మేయర్ మళ్ళీ కారెక్కాడు. ఆ మోతకి మా వీధి కిటికీలన్నీ గడగడలాడాయి. వెళుతూ వెళుతూ నాకు చెయ్యి ఊపాడు, థాంక్స్ అన్నట్టు.

మేం మళ్ళీ సామాన్లు సర్దడంలో పడ్డాం.