అరచేయి లేని ఆటగాడు

వీధి తలుపు ఉండాల్సిన చోట నున్నటి గోడ ఉందని నూకరత్నం కనిపెట్టేసరికి, ఆ గోడ అవతల దివిజ వాళ్లమ్మ లోవకుమారి తలుపు కొడుతోంది.

కొడుతున్నది చెక్క మీదే. టకటకమని స్పష్టంగా వినిపిస్తోంది. నూకరత్నం గోడంతా చేత్తో తడుముతుంది. గడియ లేదు, గుమ్మం లేదు, సున్నం మీద సన్నటి గీత కూడా లేదు.

“రత్నంగారూ, తలుపు తియ్యండి. తడిసి ముద్దయిపోతన్నాను.”

“తియ్యాలనే ఉంది లోవా. తలుపే లేదు.”

“లేకపోతే నేను కొడతన్నదేంటండి?”

లోవకుమారి అడిగింది న్యాయంగానే ఉంది. పొద్దుటి నుంచి బట్టల షాపులో నిలబడి నిలబడి వచ్చిన మనిషి. పిల్లను చంకనేసుకుని ఇంటికి పోవాలి. అంతకు మించి ఏమీ అడగడం లేదు.

నూకరత్నం కాకినాడ జగన్నాథపురంలో రెండు గదుల వాటాలో ఉంటుంది. ఉద్యోగాలకు వెళ్లే తల్లుల పిల్లల్ని పగలంతా చూసుకుంటుంది. ఇవాళ వాయుగుండం, తెరిపి లేని వాన. వచ్చింది ముగ్గురే: ఎనిమిదేళ్ల కెజియా, ఆరేళ్ల ప్రణీత్, మూడేళ్ల దివిజ. బయటికి పంపే వీల్లేదు. చింతపిక్కలు ఆడించింది, అష్టాచెమ్మా ఆడించింది, మంచానికి దుప్పటి కప్పి గుడారం కట్టింది. అన్నీ విసుగొచ్చేశాక, “దాగుడుమూతలు ఆడుకుంటూ ఉండండి, పాలు కాచుకొస్తాను” అని వంటగదిలోకి వెళ్లింది.

ఆ కాస్తలోనే ఇదంతా జరిగింది. కిటికీలు కూడా లేవు. వెలుతురు మాత్రం ఎప్పటిలాగే కిటికీలుండే ఎత్తు నుంచి పడుతోంది.

“ఏమే కెజియా, తలుపేదే?”

కెజియా అద్దంలో దాక్కుని ఉంది. అద్దం లోపలి నుంచే పెదవుల మీద వేలు పెట్టుకుంటుంది. “మెల్లగా ఆంటీ! అది కూడా దాక్కుంది. దొంగ వచ్చి వెతికితే అన్నీ బయటికొచ్చేస్తాయి.”

“దొంగ ఎవరు?”

“దివిజ.”

దివిజ గది మూలన గోడకు మొహం ఆనించి, రెండు చేతులతో కళ్లు మూసుకుని నిలబడి ఉంది. పది దాకా లెక్కపెట్టి, తర్వాత వెతకాలి. “ఒకటి, రెండు, మూడు, ఏడు, మూడు, ఒకటి...” అంటోంది. ఆ పిల్లకు పది రాదు.

నూకరత్నం మళ్లీ అద్దం వైపు తిరుగుతుంది. “దాన్నెందుకు దొంగను చేశారే? అది అరటిపండు కదా!”

రోజూ దివిజే అరటిపండు. అందరితో పాటు పరిగెడుతుంది, అందరితో పాటు దాక్కుంటుంది, దొరికినా దొరకనట్టే. చిన్నపిల్ల కాబట్టి లెక్కలోకి రాదు. ఆటలో ఒక్క అరటిపండే ఉండాలన్నది కెజియా పెట్టిన రూలు.

“ఇవాళ ఆ చోటు ఒకాయనకి ఇచ్చేశాం,” అని మరచెంబులోంచి ప్రణీత్ గొంతు. వాడు అందులో ఎలా పట్టాడో గానీ, హాయిగానే ఉన్నట్టున్నాడు. “దొంగ ఎవరో తేల్చడానికి పంటలు వేస్తుంటే నాలుగో చెయ్యి వచ్చింది. తడి తడిగా ఉంది.”

“ఆ చెయ్యికి అటూ ఇటూ ఒకటే ఆంటీ,” అంటుంది కెజియా. “అరచెయ్యీ లేదు, వెనకచెయ్యీ లేదు. ఎన్నిసార్లు వేసినా తేల్లేదు. పంటలు తేలనోడు దొంగ ఎలా అవుతాడు? అందుకే అరటిపండు అన్నాం. దివిజ పెద్దదైపోయింది.”

పెద్దదైపోయిన దివిజ వీపు గర్వంగా నిటారుగా ఉంది.

నూకరత్నం ఆ మూలకు నడుస్తుంది. గది పొడవవుతుంది. అడుగు వేసినకొద్దీ ముందు కొత్త నాపరాళ్లు పరుచుకుంటున్నాయి. దివిజ బొమ్మంత అవుతుంది, తర్వాత గచ్చకాయంత. వెనక్కి తిరిగితే అద్దం చేయి చాపితే అందేంత దగ్గరలోనే ఉంది.

“దివిజమ్మా, కళ్లు తెరువు తల్లీ. మీ అమ్మొచ్చింది!”

“తెలిస్తే తొండీ!” అని దూరం నుంచి జవాబు వస్తుంది. “మూడు, ఏడు...”

“నేను చెప్తాను, అను. నాలుగు, ఐదు...”

“పెద్దాళ్లు అందిస్తే చెల్లదాంటీ,” అంటుంది కెజియా.

గోడ అవతలి చప్పుడు ఇందాకటి కన్నా సన్నబడింది.

“రత్నంగారూ, మీ ఇల్లు ఎటో పోతందేంటండి?”

“మేమెక్కడికీ కదల్లేదు లోవా!”

“అయితే నేనే పోతన్నట్టున్నానండి.”

ఇంక ఆలస్యం చేస్తే లాభం లేదు. “తూచ్ అనండర్రా,” అంటుంది నూకరత్నం. “ఆట రద్దు. పిల్లను వాళ్లమ్మకు అప్పగించాలి.”

“తూచ్,” అంటుంది అద్దం. “తూచ్,” అంటుంది మరచెంబు. “తూచ్,” అని దూరంగా గచ్చకాయంత దివిజ. ఏమీ జరగదు. తూచ్ చెల్లాలంటే ఆడుతున్నవాళ్లందరూ అనాలి.

“ఆయన్ని కూడా అనమను.”

“ఆయన అరటిపండు. అన్నా లెక్కలోకి రాదు,” అంటుంది కెజియా. తన రూలుకు తనే చిక్కుకున్నందుకు ఆ పిల్ల మొహం మొదటిసారి చిన్నబోతుంది.

నూకరత్నం గది మధ్యలో నిలబడి ఆలోచిస్తుంది. ఆయన మాట కావాలి. ఆయన మాట చెల్లదు. చెల్లాలంటే లెక్కలోకి రావాలి. రావాలంటే పంటలు తేలాలి. తేలాలంటే ఆ చేతికి అరచెయ్యి ఉండాలి.

“ఏమండీ,” అని కప్పు వైపు చూసి మర్యాదగా పిలుస్తుంది, “ఒకసారి మీ చెయ్యి ఇలా ఇవ్వండి.”

కప్పు నుంచి చెయ్యి దిగుతుంది. ఐదు వేళ్లూ చూరునీళ్లే. కిందపడకుండా చెయ్యిలా నిలబడి ఉన్నాయి. నూకరత్నం కాటుక డబ్బా తీసి, చూపుడు వేలు అద్ది, ఆ నీళ్ల నడుమ ఒక వైపున గట్టిగా చుక్క పెడుతుంది. చుక్క కరగదు.

“ఇది మీ అరచెయ్యి. గుర్తుంచుకోండి. ఇక వెయ్యండర్రా పంటలు!”

అద్దంలోంచి ఒక చెయ్యి వస్తుంది. మరచెంబులోంచి ఒకటి. గది ఆ చివర నుంచి, కళ్లు మూసుకునే ఉన్న దివిజ ఒక చెయ్యి చాపుతుంది. గాజులు చిన్నగా మోగుతూ ఆ చెయ్యి నాపరాళ్లన్నీ దాటుకుని వచ్చేస్తుంది. నాలుగు చేతులూ కలుస్తాయి, విడిపోతాయి. మూడు బోర్లా, ఒకటి వెల్లకిలా. కాటుక చుక్క పైకి చూస్తోంది.

“పండు!” అని కెజియా అరుస్తుంది. “ఆయన పండయ్యాడు ఆంటీ! లెక్కలోకొచ్చేశాడు!”

“అయితే బాబూ, తూచ్ అనండి. తలుపు ఉన్నచోటికి వచ్చేస్తుంది. ఆ తల్లి పిల్లను తీసుకుపోతుంది.”

నీళ్ల చెయ్యి ముడుచుకుంటుంది. ఇంట్లో ఎక్కడా చుక్క కారుతున్న చప్పుడు లేదు. లోవకుమారి తట్టడం మాత్రం, ఎక్కడో అడుగున పడి, నేలలోంచి వచ్చినట్టు వినిపిస్తోంది.

“అనగలను గానీ, అనకూడదండి,” అంటుంది ఒక పెద్దమనిషి గొంతు, బాగా సిగ్గుపడుతూ. “ఇప్పుడు నేను లెక్కలో ఉన్నాను కాబట్టి అబద్ధం చెప్పను. తలుపు తీసుకెళ్లింది నేనేనండి. నేనొచ్చానంటే చాలు, ఊళ్లో పిల్లల్నందరినీ లోపలికి లాక్కుని గడియ పెట్టేస్తారు. నేను ఎవరితోనూ ఆడింది లేదు. పిల్లలు మాత్రం గుమ్మంలో కూర్చుని కాగితం పడవలు వదిలేవారు. ఏ పడవలోనూ ఎవరూ ఉండరు. ఖాళీ పడవ పంపారంటే ఎక్కి రమ్మనే కదండీ? వచ్చాను. వస్తే లెక్కలో లేవన్నారు. కోపమొచ్చిందండి. తలుపు ఊడదీసి, మడతలు పెట్టి పడవ చేశాను. ఖాళీగా పంపడం మర్యాద కాదని, కొడుతున్న ఆవిణ్ణి అందులోనే కూర్చోబెట్టాను. కుదుపు లేకుండా తోస్తున్నాను. ఉప్పుటేరు దాటించేశాను, ఇప్పుడు నడిసముద్రంలో ఉన్నారు. కూర్చున్న చెక్క మీదే కొడుతున్నారండి, తలుపు తియ్యమని. తూచ్ అని తీశాననుకోండి, ఆవిడ మునిగిపోతారు.”