చిమ్గే బండి జాడ

మోటారు సైకిలు వెనక టైరు పని అయిపోయిందని చిమ్గేకి వేసవి నుంచీ తెలుసు. తెలిసి మాత్రం ఏం చేస్తుంది? మొగుడు దంబా గుర్రం మీంచి పడి భుజం విరగ్గొట్టుకుని మంచమెక్కాడు. గుర్రాలు, గొర్రెలు, పాలు, పిడకలు, వాటన్నిటికీ తోడు మొగుడి మూలుగులు, అన్నీ ఆమె నెత్తినే పడ్డాయి. ఇంకొకరైతే ఈపాటికి ఏడ్చి ముక్కు ఎర్రబరుచుకునేవారు. చిమ్గే ఆ రకం కాదు. పొద్దున్నే ఉప్పు పాల టీ గొంతులో పోసుకుని, నాలుగు ఎండు పెరుగు ముక్కలు జేబులో వేసుకుని, బండి తన్ని బయలుదేరిందంటే మళ్ళీ ఇంటికొచ్చేది పని ముగిశాకే.

ఇక వాయిదా వెయ్యడానికి వీల్లేకుండా పోయింది. మంచు పడేలోగా గుడారం విప్పుకుని చలికాలపు మకాంకి వెళ్ళాలి. ఆ మకాంలో ఉండేవి రెండే గుడారాలు, వాళ్ళదొకటి, పురెవ్ ముసలాయనదొకటి. ఏళ్ళ తరబడి అంతే. ఒకరి గొర్రెలు తప్పిపోతే ఇంకొకరు వెతుకుతారు, ఒకరింట్లో పొయ్యి ఆరితే ఇంకొకరింటి నిప్పు వస్తుంది. ఒంటి చెయ్యి మొగుణ్ణి పెట్టుకుని ఆ గడ్డు చలిలో ఒంటరి గుడారం వేసుకోవడమంటే చావుని పిలిచి మరీ కూచోబెట్టుకోవడమే. అందుకని ఆ ముసలాయనతో మంచిగా ఉండడం చిమ్గేకి మర్యాద ఒక్కటే కాదు, బతుకు కూడా.

ఊళ్ళో టైర్లు దొరికేది గోంబో కొట్టు ఒక్కటే. పిండి బస్తాలు, కొవ్వొత్తులు, తోలు బూట్లు, ఉలాన్‌బాతర్ నుంచి లారీలో దిగిన టైర్లు, అన్నీ ఒకే గదిలో ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. కొట్టు ముందు కమ్మీకి కట్టేసిన ఒక గుర్రం తల వేలాడేసి నిలబడింది. దాని డొక్కల మీద చెమట ఎండి తెల్లగా గీతలు కట్టింది.

"గోంబో అన్నా! ఆ గుర్రాన్ని అట్లా చావగొట్టిన మహానుభావుడు ఎవరు?" అంటూ లోపలికి వచ్చింది చిమ్గే.

"నేనే," అన్నాడు పురెవ్, మూల పిండి బస్తా మీంచి.

"అయ్యో, నువ్వా మావయ్యా! బాగున్నావా? అత్తయ్య మోకాలి నొప్పి తగ్గిందా?"

ముసలాయన నశ్యం బుడ్డి తీసి, తను ఒక్కడే పీల్చుకుని, మళ్ళీ అంగీ మడతలో దోపుకున్నాడు. ఎదురైన మనిషికి పలకరింపుగా ఇచ్చే ఆ బుడ్డి చిమ్గే వైపు చాపలేదు. గోంబో చూపు తిప్పుకుని తక్కెడ తుడవడం మొదలుపెట్టాడు. ముసలాళ్ళకి ఒక్కోరోజు పొద్దున్నే పడదులే అనుకుంది చిమ్గే.

"వెనక టైరు కావాలన్నా. మంచిది తియ్యి. పోయినసారిలా మాటలతో ఎక్కించకు."

గోంబో మొదట పెద్ద పెద్ద గడ్డలున్న టైరు దొర్లించుకొచ్చాడు. "ఇది వేస్తే గోడైనా ఎక్కుతావు చెల్లెమ్మా."

"గోడలెక్కే పని నాకేం ఉంది? చదును నేల మీద ఇది హోరుమని అరుస్తుంది. ఆ చప్పుడు వింటే మా ఆడగుర్రాలు కొండ అవతల తేలతాయి. లోపల పెట్టు."

రెండోది నున్నటిది, పట్నం టైరు. చిమ్గే దాని అంచు మీద గోరు గుచ్చి చూసింది. గోరు దిగలేదు. "ఎండలోనే ఇంత గట్టిగా ఉంటే చలికి రాయి అయిపోతుంది. మంచు మీద నన్ను పడేసి పళ్ళు రాలగొడుతుంది. ఇంకోటి చూపించు."

మూడోదాని మీద చతురస్రపు దిమ్మెలు. ఎటు తిప్పినా ఒకటే అచ్చు. నాలుగోది ఆమె పాత టైరు లాంటిదే, బాణం మొనల్లా రెండు పక్కలకీ వాలిన దిమ్మెలది. కాకపోతే ఒక్కో దిమ్మె పక్కన ఇంకో సన్నగీత ఉంది, అలాంటి అచ్చు ఆ చుట్టుపక్కల ఎవరి బండికీ లేదు. చిమ్గే దాన్ని మోకాలికి ఆనించి వంచి చూసింది, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది, బొటనవేలితో నొక్కింది. రబ్బరు మెత్తగా లోపలికి దిగి మళ్ళీ పైకి లేచింది.

"ఇది బాగుంది," అంది. "పాతది విప్పు మరి."

"విప్పు, విప్పు," అన్నాడు పురెవ్ లేచి నిలబడి. "తొందరగా విప్పెయ్ గోంబో. పాత టైరు పొయ్యిలో కూడా పెట్టెయ్. సాక్ష్యం మిగలకూడదు కదా!"

చిమ్గే చేతిలో టైరు అలాగే ఉండిపోయింది. "ఏంటి మావయ్యా ఆ మాట?"

"తెలియనట్టు అడుగుతోంది చూడు! వేసవిలో దక్షిణాన మా అక్కవాళ్ళ దగ్గర్నుంచి తెచ్చుకున్న నా గోధుమ రంగు పోతుగుర్రం, దానితోటి ఆడగుర్రాలు, మొన్న రాత్రి పోయాయి. చిత్తడి నేల దగ్గర బురదలో బండి జాడ ఉంది. చక్రం తిరిగినప్పుడల్లా ఒక దిమ్మె ఊడిన చోటు పడింది. ఆ ఊడిన దిమ్మె ఎవరి టైరుదో చెప్పాలా? ఇదిగో, ఈ గోంబోనే వచ్చి చూసి గుర్తుపట్టాడు. వాలు చూస్తే బండి ఉత్తరానికి, కనుమ వైపు పోయింది. నా కొడుకులు ఉత్తరాన తిరిగి తిరిగి పెట్రోలు అయిపోగొట్టుకున్నారు. ఒక్క తోక వెంట్రుక దొరకలేదు. ఇవాళ చూస్తే నువ్వు టైరు మార్చుకోవడానికి దిగావు!"

"నేనేం దొంగ అనలేదు చెల్లెమ్మా," అన్నాడు గోంబో గొణుగుతూ. "టైరు నీదే అన్నాను. అంతే."

"ఆ రెండిటికీ తేడా నువ్వే చెప్పాలి అన్నా!"

పరువున్న మనిషికి గుర్రాల దొంగ అన్న మాట కంటే పెద్ద తిట్టు ఆ నేలమీద లేదు. చిమ్గే చెవులు వేడెక్కిపోయాయి. ముసలాయన అంతటితో ఆగాడా? "మకాం సంగతి కూడా చెబుతున్నా విను. ఈ చలికాలం నీ గుడారం నా గుడారం పక్కన లేవదు. దొంగ పక్కన నేను నిద్రపోలేను," అన్నాడు.

అప్పుడు మాత్రం చిమ్గే భయపడింది. మంచంలో దంబా కళ్ళముందు మెదిలాడు. కానీ అది ఎంతసేపు? తప్పు చెయ్యని మనిషికి కోపం రావడానికి పట్టినంతసేపు.

"జాడ నాదే," అంది గట్టిగా. "కాదనను. మొన్న దంబాకి కట్టు మందు కోసం కనుమ అవతలి ఎముకల వైద్యుడి దగ్గరికి పోయాను. పోయేటప్పుడు రోడ్డెంట పోయాను, వచ్చేటప్పుడు పొద్దు గూకుతోందని అడ్డదారిన చిత్తడి పక్క నుంచి దిగాను. నేను ఉత్తరానికి పోలేదు మావయ్యా. ఉత్తరం నుంచి వచ్చాను."

"జాడ అబద్ధం చెప్పదు! నడక వచ్చినప్పటి నుంచీ జాడలు చూస్తున్నా. డెక్కలైనా చక్రాలైనా ఎటు పోయాయో గుడ్డివాడికి కూడా చెప్పగలను. ఆ బండి ఉత్తరానికే పోయింది."

ముసలాయన చూపు మీద చిమ్గేకి కూడా నమ్మకమే. ఆయన తప్పుగా చూశాడంటే ఆమే ఒప్పుకోదు. మరి తను ఉత్తరం నుంచి దిగిందన్నదీ నిజమే కదా! ఒక్క క్షణం ఆమెకే అయోమయంగా తోచింది. అప్పుడు బయటికి వచ్చి బండి పక్కన గొంతుక్కూచుంది. టైరు పక్కభాగం మీద బురదని చేత్తో తుడిచింది. తుడిచి, నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళెమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"గోంబో అన్నా! ఇట్లా రా. ఈ టైరు ఎటు తిరగాలో చెప్పే బాణం ఉందే, ఇది ఎటు చూస్తోంది?"

గోంబో వంగి చూశాడు. "వెనక్కి," అన్నాడు. మరుక్షణం అతని ముఖం మాడిపోయింది.

"ఎక్కించింది ఎవరు?"

"నేనే."

"ఎప్పుడు?"

"గొర్రెలు ఈనే రోజుల్లో," అన్నాడు గోంబో నీళ్ళు నములుతూ. "దంబా వచ్చాడు. దిమ్మెలు ఒకవైపు అరిగిపోయాయి, తిరగేసి ఎక్కిస్తే ఇంకో వేసవి లాగుతుంది అన్నాడు. నేనే తిరగేశాను. అమ్మ నా బుర్ర! ఊడిన దిమ్మె ఒక్కటే చూశాను కానీ, ఈ సంగతి తట్టనే లేదు."

"విన్నావా మావయ్యా? తిరగేసిన టైరుతో నేను దక్షిణానికి వస్తే, జాడ ఉత్తరానికి పోయినట్టు పడింది. నువ్వు చదివింది సరిగ్గానే చదివావు. అక్కడ రాసిందే తలకిందులు."

పురెవ్ బండి దగ్గరికి వచ్చాడు. బాణం మీద వేలు పెట్టి, దిమ్మెల అరుగుదల తడిమి చూశాడు. ఒకవైపు గుండ్రంగా, ఒకవైపు పదునుగా. "మరి నా గుర్రాలు?" అన్నాడు చివరికి. గొంతులో ఇందాకటి పెళుసుతనం పోయింది. ఆ ముసలాయన బెంగంతా ఆ రెండు మాటల్లో బయటపడింది.

"దొంగ ఉత్తరానికి తోలాడని ఎందుకు అనుకున్నావు? నా జాడ చూసేగా? అది తీసేస్తే ఇంక ఉత్తరం మాటే లేదు. ఆ సాయంత్రం నేను దిగేటప్పుడు నీ గోధుమ రంగుది మందకి ఎడంగా, చిత్తడికి దక్షిణపు గట్టు మీద నిలబడి ఉంది. చెవులు నిక్కబొడుచుకుని గాలి పీలుస్తోంది. అది ఎటు చూస్తోందో వేరే చెప్పాలా?"

"పుట్టిన చోటికి..." అన్నాడు పురెవ్. నుదుటి మీద చేత్తో కొట్టుకున్నాడు. "ఎంత గాడిదని! తెచ్చుకున్న గుర్రం పుట్టిన చోటికే పరిగెడుతుందన్నది చిన్నపిల్లాడికి కూడా తెలిసిన సంగతి. వేసవంతా బుద్ధిగా ఉంటే అలవాటు పడిందనుకున్నా. బండి జాడ కనబడేసరికి మతి పోయింది."

"ఇసుక దిబ్బలు దాటాయంటే మంచు పడ్డాక తెచ్చుకోలేవు. ఇవాళే పోవాలి. నీ గుర్రం చూస్తే ఇంటిదాకా కూడా పోయేలా లేదు. నా బండెక్కు."

"ఆడదాని వెనకాల కూచుని పోవాలా నేను?"

"ముందు కూచుంటావా పోనీ? తోలడం వచ్చా?"

గోంబో కిసుక్కున నవ్వి, ముసలాయన చూపు తగలగానే దగ్గులోకి మార్చేశాడు. చక్రం విప్పుతూ చిమ్గే దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "నా మాట విను చెల్లెమ్మా. ఆ చతురస్రపు అచ్చుది తీసుకో. ధర కూడా తగ్గిస్తా. ఎటు ఎక్కించినా ఒకటే జాడ. వచ్చావో పోయావో ఎవడూ కనిపెట్టలేడు. ఇంకెప్పుడూ ఇలాంటి గొడవ రాదు."

"ఎందుకు కనిపెట్టకూడదు?" అంది చిమ్గే, ముసలాయనకి వినబడేలాగానే. "నేను ఎటు పోతున్నానో దాచుకోవాల్సిన ఖర్మ నాకేం పట్టింది? రేపు మంచులో నేనెక్కడైనా పడితే వెతకడానికి వచ్చేవాళ్ళకి ఏది నా జాడో తెలియొద్దూ? నేను ఏరుకున్నదే ఎక్కించు. ఎవరికీ లేనిది, ఎటు పోయిందీ చెప్పేది. ఈసారి బాణం ముందుకి పెట్టు మహానుభావా!"

గోంబో నోరు మూసుకుని ఎక్కించాడు. పురెవ్ తన గుర్రానికి కొట్టు వెనక గడ్డి వేయించి, జీను విప్పుకొచ్చి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని చిమ్గే వెనక ఎక్కాడు. ఊరు దాటేదాకా తల పైకెత్తలేదు.

కొత్త రబ్బరు పట్టు చిక్కేదాకా చిమ్గే నెమ్మదిగానే తోలింది. చిత్తడి నేల దగ్గరికి వచ్చేసరికి ముసలాయన ఆమె భుజం తట్టాడు. "ఆపు."

దిగి, జీను నేలమీద పెట్టి, బురదలో కూచున్నాడు. మొన్నటి జాడ ఎండి గట్టిపడి ఉంది, ఊడిన దిమ్మె చోటుతో సహా. దాని పక్కనే ఇప్పటి జాడ, జంట గీతలతో తడితడిగా. రెండుసార్లూ బండి నడిచింది దక్షిణానికే. దిమ్మెల అచ్చులు మాత్రం ఒకదానికొకటి ఎదురుగా వాలి ఉన్నాయి. ముసలాయన రెండిటి మీదా బొటనవేలు పెట్టి రుద్దాడు.

"నేను చదవడంలో తప్పు లేదు," అన్నాడు మొండిగా.

"లేదు మావయ్యా. అడగకపోవడంలోనే ఉంది."

పురెవ్ జీను తీసుకుని బండెక్కాడు.

పొద్దు వాలుతుండగా ఇసుక దిబ్బల ఈవలి ఊట దగ్గర కనబడ్డాయి. గోధుమ రంగు పోతుగుర్రం ముందు, దాని వెనక ఆడగుర్రాలన్నీ, ఏమీ ఎరగనట్టు గడ్డి మేస్తున్నాయి. చిమ్గే దూరంగానే బండి ఆపేసింది. ఆ మెత్తని టైరు చప్పుడుకి ఒక్కటి కూడా బెదరలేదు. పురెవ్ నోటితో సన్నగా ఈల వేస్తూ వెళ్ళి, తాడు వేసి, ఒక ఆడగుర్రం మీద జీను బిగించాడు. దాని మెడ మీద ముఖం ఆనించి కాసేపు అలాగే నిలబడిపోయాడు. చిమ్గే అటు చూడకుండా బండికి అంటిన బురద గీకింది.

తిరిగి వచ్చినప్పుడు ఆయన గుర్రం మీద నిటారుగా ఉన్నాడు. అంగీ మడతలోంచి నశ్యం బుడ్డి తీసి, మూత వదులు చేసి, రెండు చేతులా చిమ్గే వైపు చాపాడు. చిమ్గే కూడా రెండు చేతులా అందుకుని, వాసన చూసి, తుమ్మి, తిరిగిచ్చింది.

"ఎల్లుండి మకాం మారదాం," అన్నాడు పురెవ్. "దంబాని నా లారీలో మెత్తగా పడుకోబెడతా. గుడారాలు ఎప్పటిలాగే పక్కపక్కన. ఇంకోటి. దారిలో ముందు నీ బండే పోవాలి కోడలా. నీ జాడ పట్టుకుని మేమంతా వెనకాల వస్తాం."

మకాం మారే రోజున ముందు నడిచే చోటు ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వరు. ఇన్నేళ్ళూ అది పురెవ్‌దే. చిమ్గేకి అది తెలుసు. అయినా మాట వదిలే మనిషా?

"దారి తప్పించాననుకో, మళ్ళీ దొంగ అంటావా?"

"అడిగి మరీ అంటా," అన్నాడు ముసలాయన, గుర్రాలను ఇంటి వైపు మళ్ళిస్తూ.