ఆ తర్వాత ఆవిడ ఏమంటుంది

ముందుగదిలో కథాచర్చ మొదలైతే మా ఇంట్లో పెసరట్లకి అంతుండదు. ఫిల్మ్‌నగర్‌లో ఆఫీసు తీసుకోండి అంటే, సినిమాలకి మాటలు రాసే మా ఆయన రవిచంద్ర, "నీ చేతి తిండి పడితేనే నాకు డైలాగు పడుతుంది సుందరీ" అంటారు. అది పొగడ్త అని ఇరవై రెండేళ్లు నమ్మాను.

నలభై ఆరో ఏట ఫిలాసఫీ ఎమ్మేలో చేరాను. పప్పు నానేలోపు చదువుకునేదాన్ని. పడమటి పుస్తకాల్లో మనిషి గదిలో ఒంటరిగా కూర్చుని, అన్నిటినీ అనుమానించి, చివరికి తానున్నానని తేల్చుకుంటాడు. ఆఫ్రికా తాత్వికులు కొందరు అలా కాదంటారు. పుట్టగానే ఎవరూ పూర్తి మనిషి కారు, నలుగురి మధ్య బతికి, నలుగురికీ చేసి, మెల్లగా మనిషవుతారట. అది చదివిన రోజు గ్రైండరు ఆపి ఏడ్చాను. నాకు గది లేదు. నలుగురికీ చేస్తూనే ఉన్నాను. 'ఇంకా ఎన్ని పూటలు వండితే నన్ను మనిషంటారు?' అని నోటుబుక్కులో రాసుకున్నాను. నా డిసర్టేషన్ మొత్తం ఆ ప్రశ్న మీదే నిలబడింది. ఆ నోటుబుక్కు పప్పుల డబ్బాల పక్కనే ఉండేది. మంచినీళ్లకొచ్చిన ఆయన దాన్ని తిరగేస్తుంటే, ఇన్నాళ్లకి నా చదువు మీద ఆసక్తి కలిగిందని మురిసిపోయాను.

మొన్న మా గైడు ఓంప్రకాష్ సార్ ఆ వాక్యం మీద వేలు పెట్టారు. "ఏందమ్మా ఇది? కొత్త సినిమా టీజర్ల ముసలమ్మ చెప్పేది గిదే గదా. మా పిల్లలు పొద్దున లేస్తే గదే అంటున్నరు. కాపీ అంటే కమిటీ ఊకుంటదా?" నాదేనని చెప్పాను. "గట్లయితే గా మాట నీదేనని సినిమాకి రాసినాయనతోని ఒక కాగితం పట్టుకరా. ఎల్లుండి నాలుగింటికి ఆఖరు. లేకుంటే నీ డిసర్టేషన్ కొట్టేస్తరు."

తిరిగొస్తుంటే చెక్‌పోస్టు దగ్గర హోర్డింగు మీద నా వాక్యం కనిపించింది. కింద 'మాటలు: రవిచంద్ర'. ఆటో దిగి, ఆ కార్ల మధ్యలోకి నడిచిపోదామనిపించింది. అప్పుడు కూడా సాయంత్రం టిఫినే గుర్తొచ్చింది.

ఇంటికొచ్చి అడిగితే ఆయన నవ్వారు. "కాగితమా? ఇండస్ట్రీలో నా పరువేం కావాలి? ఇంట్లో నీదీ నాదీ ఏంటే, మనది!"

అత్తయ్యగారు టీవీ మీంచి కళ్లు తిప్పకుండానే, "మొగుడికి పేరొస్తే నీకొచ్చినట్టు కాదూ? ఈ వయసులో ఆ పట్టా ఏ గోడకి తగిలిస్తావమ్మా?" అన్నారు.

నలుగురిలో మనిషి కావడం గురించి ఎన్ని పేజీలో చదివాను. 'మనది' అనే మాట నోరు తెరిచి నన్నిలా మింగుతుందని ఏ పేజీలోనూ లేదు.

ఇవాళే ఆ ఆఖరు రోజు. పన్నెండున్నరయింది. ముందుగదిలో డైరెక్టరు సుహాస్ గొంతు వినిపిస్తోంది. "టీజర్ నిలబడింది ఆ ఒక్క మాటతోనే సార్! క్లైమాక్స్‌లో ఆవిడ తర్వాత ఏమంటుందో అది పడాలి."

కాసేపటికి ఆయన వంటింట్లోకి వచ్చి, గొంతు తగ్గించి అడిగారు. "సుందరీ, ఆ ముసలావిడ అలా అడిగింది కదా. ఆ తర్వాత ఏమంటుంది? ఇంకేమైనా రాసుకున్నావా?"

పెనం మీద అట్టు మాడుతోంది.

"ఏమీ అనదండీ. పొయ్యి కట్టేసి, ముందుగదిలోకి వచ్చి, ఆ మాట తనదని అందరి ముందూ చెప్తుంది."

"అబ్బ, అదిరింది!" అంటూ ఆయన ఫోన్లో రాసుకుంటున్నారు.

నేను పొయ్యి కట్టేశాను.