ఐదో గింజ

సుక్రే నగరంలోని ఆ ఆసుపత్రి నీతి కమిటీలో నీతి కన్నా టీయే ఎక్కువని అధ్యక్షురాలు డాక్టర్ నియెవెస్ నవ్వించేది. ఆ మధ్యాహ్నం మాత్రం కోకా ఆకుల టీ ఎవరూ ముట్టలేదు. గని కార్మికుడు కసియానోకు శ్వాసయంత్రం తీసేయాలా, ఉంచాలా? తీసేయమంటే తెల్ల మొక్కజొన్న గింజ, ఉంచమంటే నల్లది, మట్టికుండలో వేయాలి. నియెవెస్‌తో కలిపి ఉన్నది నలుగురు. సరిసమానంగా చీలితే ఆమె మాటే చెల్లుతుంది. ఒక ప్రాణం తన నోటిమాట మీద ఆధారపడకూడదని ఆమె లోలోపల మొక్కుకుంటోంది.

కుండ బోర్లించారు. రెండు నల్లవి, మూడు తెల్లవి.

"ఎవరయ్యా రెండేసింది? పెళ్ళివిందా ఇది, మారు వడ్డించుకోడానికి?" అంది నియెవెస్.

"దేవుడి తోడు డాక్టరమ్మా, నేనొకటే వేశాను!" అన్నాడు కార్యదర్శి బల్దొమెరో. మిగతా ఇద్దరూ ఖాళీ అరచేతులు చూపించారు.

తెల్లవాటిలో ఒకటి తడిగా, వెచ్చగా ఉంది. దానికి గనిమట్టి అంటింది. కసియానో మూడు వారాలుగా కింది అంతస్తులో కదలకుండా పడి ఉన్నాడు. రోగి పేరున ప్రతిసారీ గోడవార వదిలే ఖాళీ కుర్చీ ఇప్పుడు బల్లకు ఆనుకుని ఉంది.

"హాజరు ఎంతమందని రాయనమ్మా?" బల్దొమెరో కలం తీశాడు.

నియెవెస్ ఆ కుర్చీకేసి చూసింది.

"ఐదుగురని రాయవయ్యా," అంది. "ఆయన మాటే తీర్మానం."